మా వీధి రేషన్ డిపో: ఐదుకి నాలుగు ఎందుకు ఇస్తున్నానంటే

ముందే చెప్తున్నా, ఇది బిర్యానీ సెంటర్ గురించో చీరల షాపు గురించో కాదు. బెజవాడలో పటమట నుంచి ఆటోనగర్ వైపు వెళ్లే దారిలో మా వీధి చివర ఉన్న రేషన్ డిపో గురించి. రేషన్ డిపోకి ఎవరైనా రివ్యూ రాస్తారా అని మా ఆయన అడిగారు. ఎందుకు రాయకూడదండీ? నెలనెలా అక్కడ నిలబడుతున్నాం, కాటా మీద కళ్లు పెట్టి చూసుకుంటున్నాం, పైగా ఇప్పుడు కార్డు ఏ డిపోలో అయినా చెల్లుతుంది కాబట్టి ఒకచోట బాగోకపోతే ఇంకోచోటికి వెళ్లే వీలుంది. అలాంటప్పుడు ఎక్కడ సరిగ్గా ఇస్తున్నారో ఎక్కడ ఇవ్వడం లేదో జనానికి తెలియాలి కదా. ఇంకో కారణం కూడా ఉంది, అది కొంచెం పెద్దది, కింద రాస్తాను.

నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. ఇంట్లో అమ్మ, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. మనిషికి 5 కిలోల చొప్పున నెలకి 25 కిలోల బియ్యం, ఉచితంగా. బయట మామూలు సన్నబియ్యం కొనాలన్నా కిలో యాభై రూపాయల పైమాటే, ఆ లెక్కన మా ఇంటికి ఈ 25 కిలోల విలువ ఎంతో మీరే చూసుకోండి. మా పెద్దాడి ట్యూషన్ ఫీజు ఆ మిగిలిన డబ్బుల్లోంచే కడుతున్నాను.

డిపో సంగతి. చిన్న గది, ఒక షట్టరు. బస్తాలు చెక్కల మీద పేర్చి ఉంటాయి, నేల మీద కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు మా బాబాయి వాళ్లింట్లో గింజ మిగల్లేదు, అప్పటి నుంచి ఏ డిపోకి వెళ్లినా ముందు బస్తాలు ఎక్కడ పెట్టారా అనే చూస్తాను. ఎలక్ట్రానిక్ కాటా మన వైపు తిప్పి ఉంటుంది. డీలరమ్మ ముందు సున్నా చూపిస్తుంది, తర్వాతే సంచి పెడుతుంది, సంచి బరువు తీసేసి మరీ తూస్తుంది. స్లిప్పు అడక్కుండానే చేతికిస్తుంది. ఇంటికొచ్చి నేను రెండుసార్లు మళ్లీ తూచాను, ఒకసారి 25 కిలోల 40 గ్రాములు, ఇంకోసారి సరిగ్గా 25. బియ్యం కొంచెం లావుగా ఉంటాయి, నూకలు ఉంటాయి, కాదనను. కానీ పురుగు లేదు, ముక్కిపోయిన వాసన లేదు. బియ్యంలో తేలే తెల్లటి గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యం అని పారబోసేవాళ్లని మా వీధిలోనే చూశాను, అవి ప్లాస్టిక్ కాదు, ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన గింజలు, వందకి ఒకటి చొప్పున కలిపినవి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది కదా, పారబోయకండి.

ఇంతకుముందు మేం వేరే పేటలో ఉండేవాళ్లం, పేరు రాయను. అక్కడ డిపోలో 25కి 24 వచ్చేవి, ఇరవై నాలుగున్నర వస్తే ఆ నెల అదృష్టం. అడిగితే డీలరు నలుగురిలో, "ఊరికే వచ్చే బియ్యానికి ఇన్ని ప్రశ్నలా?" అన్నాడు. అమ్మ ఆ మాట విని తల దించుకుని సంచి ఎత్తుకుంది. తూకంలో పోయిన కిలో గురించి నాకు అంత బాధ లేదు, ఆ మాట మాత్రం ఈరోజుకీ పోలేదు. ఆ రోజంతా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ రివ్యూలో నేను నాలుగు మార్కులు ఇస్తుంటే అందులో రెండు కాటాకి, రెండు మా డీలరమ్మ మాట తీరుకి.

మధ్యలో రేషన్ ఇంటికే తెచ్చే బళ్లు వచ్చిన కాలం కూడా చూశాం. 2021 జనవరిలో మన బెంజి సర్కిల్ దగ్గర వరసగా నిలబెట్టి జెండా ఊపారు, రాష్ట్రమంతా కలిపి 9,260 బళ్లు. పెద్దవాళ్లకి అది సుఖంగానే ఉండేది, ఇంటి ముందుకే వచ్చేది. నాకైతే బండి ఏ రోజు ఏ వేళకి వస్తుందో తెలియక పని మానుకోవాల్సి వచ్చేది, ఒక పూట జీతం పోతే బియ్యం ఉచితం ఎలా అవుతుంది? 2025 జూన్ 1 నుంచి మళ్లీ డిపోలు తెరిచారు. నెలలో 1 నుంచి 15 వరకు, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. సాయంత్రం వేళ పెట్టడం నాలాంటి వాళ్లకి చాలా మేలు. 65 దాటినవాళ్లకి, దివ్యాంగులకి ఇంటికే పంపాలని కూడా పెట్టారు.

ఇక ఆ పెద్ద కారణం.

2025 నవంబరు 18న పొద్దున్నే మా పేట పేరు దేశమంతా టీవీల్లో వచ్చింది. కానూరు దగ్గర న్యూ ఆటోనగర్‌లో ఒక బిల్డింగులో ఉంటున్న మావోయిస్టులని పోలీసులు పట్టుకున్నారు. అదే రోజు మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు హిడ్మా ఎన్‌కౌంటర్. కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు, కాకినాడ, కోనసీమ జిల్లాల్లో కలిపి 50 మంది దొరికారన్నారు. ఛత్తీస్‌గఢ్ నుంచి కూలిపనికి వచ్చామని చెప్పి ఉన్నారని పేపర్లలో చదివాం. మేం రోజూ టీ తాగే చోటికి నడిచి వెళ్లేంత దూరం. దేశ భద్రత అంటే కాశ్మీరు, చైనా సరిహద్దు అని అనుకునేదాన్ని, ఆ రోజు మా షాపు ముందు నుంచి పోలీసు బళ్లు వెళ్తుంటే నిజంగా టెన్షన్ వచ్చింది.

తర్వాత ఏమైందంటే, హిందీ మాట్లాడే ప్రతి కూలీ మీదా అనుమానం మొదలైంది. రూములు ఖాళీ చేయమన్న ఓనర్లు ఉన్నారు. ఆటోనగర్ నడిచేదే బయటి నుంచి వచ్చిన కుర్రాళ్లతో అండీ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహార్ నుంచి వచ్చి వెల్డింగు, డెంటింగు, బాడీ బిల్డింగు పనుల్లో ఉంటారు. గుంటూరు మిర్చియార్డుకి వెళ్లినా అంతే.

డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం నేను, మా అన్నయ్య డిపో క్యూలో ఉన్నాం. ముందు ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, చేతుల నిండా గ్రీజు. ఛత్తీస్‌గఢ్ కార్డు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఎక్కడి కార్డుకైనా ఎక్కడైనా కోటా ఇవ్వాలి, 2019 ఆగస్టులో మొదట కలిపిన రాష్ట్రాల జతల్లో ఒకటి మన ఆంధ్ర, తెలంగాణ, తర్వాత మూడేళ్లకి దేశమంతా వచ్చింది. ఆ కుర్రాడి వేలిముద్ర రెండుసార్లు పడలేదు. పనిచేసే చేతుల వేలిముద్రలు అరిగిపోతాయి, మా ఆయనవీ అంతే. వెనకాల నుంచి ఎవరో, "వీళ్లకెందుకమ్మా మన బియ్యం, వీళ్లెవరో ఏంటో" అన్నారు. డీలరమ్మ తల తిప్పకుండా, "మిషన్ ఇమ్మంటే ఇవ్వాల్సిందేనండి, కార్డు దేశానిది, నాది కాదు" అని, ఐరిస్ మిషన్ తీసి అతని కంటికి పెట్టింది. పడింది. 5 కిలోలు తూచి ఇచ్చింది. ఆ కుర్రాడు స్లిప్పు మడిచి జేబులో పెట్టుకుని అందరికీ ఒకసారి చెయ్యెత్తి దణ్ణం పెట్టి వెళ్లాడు.

అన్నయ్య దారి పొడవునా మాట్లాడలేదు. అన్నయ్య సీఆర్‌పీఎఫ్‌లో చేశాడు, ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా వైపు కొన్నేళ్లు ఉన్నాడు, కాలికి దెబ్బ తగిలాక రిటైరై వచ్చేశాడు. అక్కడి సంగతులు ఎప్పుడూ చెప్పడు. ఆ రాత్రి అన్నం తిన్నాక చెప్పాడు. అక్కడ చాలా ఊళ్లలో రేషన్ షాపు ఊళ్లో ఉండేది కాదట, గొడవల వల్ల క్యాంపు పక్కన ఉండే పెద్ద ఊళ్లకి మార్చేశారట. నెలకోసారి ఆడవాళ్లు గుట్టలు దాటుకుని వచ్చి బియ్యం, ఉప్పు నెత్తిన పెట్టుకుని మళ్లీ అంత దూరం నడిచేవాళ్లు. దారిలో చెక్‌పోస్టు. "సంచిలో 35 కిలోలుంటే ఇన్ని బియ్యం ఎవరికి, దళానికా అని మేమే అడిగేవాళ్లం. ఆవిడకి రావాల్సిన కోటాయే అది. అలా అడిగిన ఊళ్ల నుంచి మాకు ఒక్క కబురు వచ్చేది కాదు. మందుపాతర ఏ దారిలో పెట్టారో తెలిసినా ఎవరూ చెప్పేవాళ్లు కాదు, ఎందుకు చెప్తారు?" అన్నాడు. అన్నయ్య కాలికి దెబ్బ ఎలా తగిలిందో మాకు తెలుసు కాబట్టి ఎవరం ఏం మాట్లాడలేదు.

అప్పటి నుంచి నేను దీని గురించి దొరికిందల్లా చదువుతున్నా. చదివిన కొద్దీ నాకు ఒకటే అనిపిస్తోంది, ఈ డిపో కూడా ఒక సెక్యూరిటీ పోస్టే. తుపాకీ ఉండదు, అంతే. ప్రభుత్వం ఇస్తానన్న మాట నిలబడుతుందా లేదా అన్నది పేదవాడికి తెలిసేది పార్లమెంటులో కాదు, ఈ కాటా దగ్గర.

మన రాష్ట్రంలోనే చూడండి. శ్రీకాకుళం ఏజెన్సీలో 1967 తర్వాత జరిగింది మన పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. షావుకార్ల అప్పులు, పోయిన భూములు, అటవీ సరుకుకి తూకంలో మోసం, అన్నీ కలిసే అక్కడ తుపాకీ లేచింది. పోలీసులు అణిచారు, నిజమే. కానీ దానితోపాటే 1970లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది, ఆ తర్వాత గిరిజనుల అభివృద్ధి కోసం ఐటీడీఏలు వచ్చాయి. 1956లోనే పెట్టిన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీలో ఇంటి అవసరాల సరుకులు అమ్మే డీఆర్ డిపోలు నడుపుతుంది, ఉప్పు, బియ్యం లాంటివి షావుకారు చేతిలోంచి తప్పించి న్యాయమైన తూకంతో ఇవ్వడానికి. అంటే తూకం సరిగ్గా ఉండటం శాంతికి సంబంధించిన విషయమని మన రాష్ట్రానికి దశాబ్దాల కిందటే తెలుసు. 1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టారు, అమ్మ ఇప్పటికీ ఆ కార్డు రంగు చెప్తుంది. 1989లో నక్సలైట్లని ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ వచ్చింది. రెండూ మన రాష్ట్రంలోనే పుట్టాయి, ఒకటి లేకుండా ఇంకొకటి పనిచేసేదని నేను అనుకోను.

ఇంకొకటి చదివి ఆశ్చర్యపోయాను. నక్సల్ ప్రాంతాల్లో అభివృద్ధి మీద ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2008లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ బృందంలో ఇంటెలిజెన్స్ బ్యూరో చీఫ్‌గా చేసిన అజిత్ దోవల్ గారూ ఉన్నారు, మన పౌరహక్కుల లాయరు కె. బాలగోపాల్ గారూ ఉన్నారు. ఒకే టేబుల్ దగ్గర. భూమి, అడవి, కూలి, పరిపాలనలో లోపాలు, వీటిని వదిలేసి ఇది శాంతిభద్రతల సమస్య మాత్రమే అనుకుంటే కుదరదని ఆ నివేదిక సారాంశం.

ఉపాధి హామీ మీద జరిగిన పరిశోధనలు ఇంకా నేరుగా చెప్తున్నాయి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అంతకుముందు వానలు పడని ఏడాది కూలి పోయేది, కూలి పోయిన చోట మావోయిస్టు హింస పెరిగేది. పథకం వచ్చాక ఆ ముడి బాగా సడలిపోయిందని ఒక పరిశోధన చెప్పింది. ఇంకో పరిశోధన ఏమందంటే, పథకం వచ్చిన కొత్తలో కొన్నిచోట్ల హింస పెరిగింది కూడా, ఎందుకంటే జనం పోలీసులకి కబురు చెప్పడం మొదలుపెట్టారు, దాంతో ఎదురుకాల్పులు, పగతో చేసిన దాడులు ఎక్కువయ్యాయి. అన్నయ్య చెప్పిందీ ఇదే కదా, మొదట మారేది కబురు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది మూడోది. హింస తగ్గింది గానీ అన్నిచోట్లా ఒకేలా తగ్గలేదు. పథకాన్ని నిజంగా నడిపించే సత్తా ఉన్న రాష్ట్రాల్లోనే గట్టిగా తగ్గింది, అందులో ముందున్నది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కూలి డబ్బులు మేస్త్రీ చేతికి ఇవ్వకుండా పోస్టాఫీసు ద్వారా ఇచ్చారు, ఊళ్లో అందరి ముందూ మస్టర్లు చదివి వినిపించే సామాజిక తనిఖీలు పెట్టారు. అదే చట్టం, అవే వంద రోజులు, ఒక చోట పనిచేసింది, ఇంకో చోట కాగితం మీదే ఉండిపోయింది. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో 125 రోజుల కొత్త చట్టం వచ్చింది. రోజులు పెరగడం మంచిదే, కానీ వారం తిరిగేసరికి కూలి చేతికి రావాలి, అది రాకపోతే 125 అయినా 200 అయినా ఒకటే.

ఛత్తీస్‌గఢ్‌లో 2024లో నియద్ నెల్లనార్ అని మొదలుపెట్టారు, గోండిలో మీ మంచి ఊరు అని అర్థం. కొత్తగా పెట్టిన భద్రతా క్యాంపుల చుట్టూ 5 కిలోమీటర్లలోపు ఊళ్లకి రేషన్, అంగన్‌వాడీ, కరెంటు, రోడ్డు తీసుకెళ్లడం. క్యాంపు ముందు వచ్చి డిపో తర్వాత వస్తోంది. అన్నయ్యకి ఇది విని సంతోషం, బాధ రెండూ. "డిపో ముప్పై ఏళ్ల కిందటే వచ్చుంటే క్యాంపు అవసరం ఎంత ఉండేదో" అన్నాడు. దేశంలో నక్సల్ ప్రభావిత జిల్లాలు ఒకప్పుడు 126 అయితే 2024 ఏప్రిల్‌కి 38, 2025 ఏప్రిల్‌కి 18కి వచ్చాయని కేంద్ర హోంశాఖ చెప్పింది. ఇదంతా బియ్యం వల్లే అయిందని నేను అనను, అలా అంటే చనిపోయిన జవాన్లకి అన్యాయం చేసినట్టే. రోడ్లు, సెల్ టవర్లు, పోలీసులు, లొంగిపోయినవాళ్లకి పునరావాసం, అన్నీ కలిశాయి. కానీ తగ్గిన జిల్లా మళ్లీ పెరగకుండా ఉండాలంటే మాత్రం అక్కడి డిపో షట్టరు 1వ తేదీన లేవాలి.

సరిహద్దు సంగతైనా అంతే. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు మనం అమెరికా గోధుమల మీద ఆధారపడి ఉన్నాం. పీఎల్-480 ఒప్పందం. అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమలని కొద్దికొద్దిగా వదులుతూ మన మెడ మీద కత్తి పెట్టినట్టు చేశాడు. ఓడ రేవుకి వస్తేనే ఇక్కడ పొయ్యి వెలిగే రోజులు. లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు, మా తాతయ్య సోమవారం రాత్రి తినేవాడు కాదని అమ్మ చెప్తుంది. జై జవాన్ జై కిసాన్ అన్నది ఆ కాలంలోనే. భారత ఆహార సంస్థ పుట్టింది కూడా 1965లోనే. ఇప్పుడు జూలై 1 నాటికి గోదాముల్లో 4 కోట్ల 11 లక్షల టన్నుల గోధుమలు, బియ్యం కచ్చితంగా ఉండాలని లెక్క పెట్టుకున్నాం. ఆ నిల్వలు ఉండబట్టే 2020 లాక్‌డౌన్‌లో కార్డున్న ఇళ్లకి అదనంగా మనిషికి 5 కిలోలు ఇవ్వగలిగారు. ఆ మే నెలలో మన హైవే మీద ఒడిశా వైపు నడిచిపోయిన జనాన్ని నేను చూశాను, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని. వాళ్ల కార్డు అప్పటికి ఇక్కడ చెల్లి ఉంటే కొందరైనా ఆగేవాళ్లు. పక్కన శ్రీలంకలో 2022లో గ్యాసు, తిండి, పెట్రోలు దొరక్క జనం అధ్యక్షుడి భవనంలోకే వెళ్లిపోయారు, బయటి శత్రువు ఒక్కడూ రాలేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలనుంది. మాకు బియ్యం ఇవ్వాల్సింది మేం తుపాకీ పడతామనే భయంతో కాదు. అలా ఆలోచిస్తే గొడవ చేసిన జిల్లాకి అన్నీ వస్తాయి, నోరు మూసుకుని ఆకలితో ఉన్న జిల్లాకి ఏమీ రాదు. మాది హక్కు, 2013 ఆహార భద్రత చట్టంలో రాసి ఉన్న హక్కు. పేదవాడిని అనుమానంగా చూస్తూ ఇచ్చే బియ్యం సగమే పనిచేస్తుంది. మా పాత పేట డీలరు అన్న మాట, ఆ చెక్‌పోస్టు దగ్గర అన్నయ్య వాళ్లు అడిగిన ప్రశ్న, రెండూ ఒకటే జాతి. అన్నయ్యే ఒప్పుకున్నాడు కాబట్టి రాస్తున్నా.

బియ్యం దారి తప్పితే ఎంత దూరం వెళ్తుందో కూడా చూశాం. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో స్టెల్లా ఎల్ అనే ఓడలో పేదల బియ్యం దొరికింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు పడవ మీద సముద్రంలోకి వెళ్లారు, ఇన్ని బియ్యం ఇలా బయటికి పోగలిగితే ఇదే దారిలో పేలుడు పదార్థాలు లోపలికి రావని నమ్మకం ఏంటని అడిగారు. ఆ ప్రశ్న సరైనదే. అయితే అది పోర్టులో మొదలవ్వదండీ. మా వీధుల్లోకి సైకిల్ మీద వచ్చి కిలో పది, పన్నెండుకి కొనుక్కుపోయేవాడి దగ్గర మొదలవుతుంది. ప్రభుత్వానికి ఆ కిలో మీద 40 రూపాయల దాకా ఖర్చవుతోంది. అమ్ముకునేవాళ్లని నేను తిట్టను, లావు బియ్యం పిల్లలు తినకపోతే అమ్మి సన్నబియ్యం కొనుక్కుంటారు, ఇంట్లో మందులకి డబ్బులు లేక అమ్మేవాళ్లూ ఉన్నారు. తినే రకం బియ్యం ఇస్తే సగం అమ్మకాలు ఆగిపోతాయని నా నమ్మకం. కొనేవాడి వెనక ఉన్న మిల్లుల వరకు వెళ్లి పట్టుకోవాలి.

ఇక ఒక మార్కు ఎందుకు తగ్గించానో. సర్వరు. నెల మొదటి రెండు రోజులు మిషన్ తిరుగుతూనే ఉంటుంది, అక్టోబరులో నేను గంటంబావు నిలబడి ఉత్త చేతులతో వచ్చాను. ఇది డీలరమ్మ తప్పు కాదని తెలుసు, కానీ క్యూలో నిలబడినవాళ్లకి తప్పు ఎవరిదైతే ఏంటి? వేలిముద్ర పడకపోతే ఐరిస్ మిషన్ అడక్కుండానే పెట్టాలి, ఆ కుర్రాడికి పెట్టినట్టు అందరికీ పెట్టాలి. క్యూఆర్ కోడ్ ఉన్న కొత్త స్మార్ట్ కార్డు 2025 ఆగస్టు చివరి నుంచి ఇస్తున్నారు, దానితో కొంచెం త్వరగా అవుతోంది. కూర్చోడానికి బల్ల లేదు, అమ్మ మోకాళ్ల నొప్పితో మెట్టు మీద కూర్చుంటుంది. ధరలు, స్టాకు రాసే బోర్డు ఉంది గానీ రెండు నెలల కిందటి అంకెలే ఉన్నాయి. వేరే రాష్ట్రం కార్డులకీ ఇక్కడ ఇస్తామని హిందీలో, ఒడియాలో ఒక్క ముక్క రాసి పెడితే ఎంత బాగుంటుందో, సగం మంది కుర్రాళ్లకి ఆ సంగతే తెలియదు. మా షాపులో ఇద్దరికి నేనే చెప్పి పంపాను.

వెళ్లేవాళ్లకి: 3 లేదా 4వ తేదీ సాయంత్రం ఐదున్నర తర్వాత వెళ్లండి, రద్దీ తగ్గుతుంది. మందపాటి గుడ్డసంచి తీసుకెళ్లండి. కాటా మీద సున్నా చూశాకే సంచి పెట్టనివ్వండి, స్లిప్పు జాగ్రత్త పెట్టుకోండి. తూకం తగ్గినా, మాట జారినా 1967కి ఫోన్ చేయండి, పాత పేటలో ఉన్నప్పుడు నాకు ఈ నంబరు తెలియక ఊరుకున్నాను. బల్ల సంగతి డీలరమ్మకి చెప్పాను, వేయిస్తానంది. వచ్చే నెల అమ్మని తీసుకుని వెళ్లాక, వేయించిందో లేదో ఇక్కడే రాస్తాను.